డబ్బా కోసే ముందు: బైక్ యాక్సెసరీస్ షాపుల వాళ్లకు బహిరంగ లేఖ

ఒంగోలు, చీమకుర్తి, అద్దంకి చుట్టుపక్కల బైక్ యాక్సెసరీస్ షాపులు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను చీమకుర్తి రోడ్డులో 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న టూవీలర్ మెకానిక్‌ని. మీలో చాలామందికి నా మొహం తెలుసు. గ్రిప్పులు, కేబుళ్లు, బల్బులు మీ దగ్గరే కొంటాను. ఇంజిన్ దింపాల్సిన పని వస్తే మీరు నా దగ్గరికే పంపుతారు. కాబట్టి ఇది గొడవ పెట్టుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదు. కానీ ఇదే మాట మీ కౌంటర్ దగ్గర నిలబడి చెబితే "అలాగేలే అన్నా" అని టీ తాగించి పంపేస్తున్నారు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇంజిన్‌కు వెళ్లే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ గురించి. బండితో వచ్చిన, ఆ ఫిల్టర్ ఉండే నల్ల డబ్బా పీకేసి దాని చోట గరాటులాంటి ఎర్ర ఫిల్టర్ బిగించడం, అంత డబ్బు పెట్టలేని వాళ్లకు డబ్బా మూతకే డ్రిల్లుతో చిల్లులు పెట్టి ఇవ్వడం, ఈ రెండూ మన దగ్గర బాగా ఎక్కువయ్యాయి.

పోయిన ఎండాకాలం ఒక కుర్రాడు 350 సీసీ బండి తీసుకుని వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కార్బురేటర్ బండి, అంటే గాలినీ పెట్రోలునూ కార్బురేటర్ కలిపి ఇంజిన్‌కు పంపే పాత రకం. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని, రోజూ ఇదే రోడ్డు మీద రాకపోకలు. "పికప్ పోయింది బాబాయ్, ఆయిల్ కూడా తాగేస్తోంది" అన్నాడు. స్టార్ట్ చేస్తే వెనక నుంచి నీలం పొగ. పక్కకు వంగి చూస్తే ఎర్ర ఫిల్టర్. దాన్ని విప్పి కార్బురేటర్ నోట్లో చూపుడు వేలు పెట్టి తిప్పాను. వేలికి బూడిద రంగు జిగురు అంటుకుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. వాల్వులు గ్రైండింగ్ చేసేటప్పుడు వాడే పేస్టు ఉంటుంది చూశారా, అచ్చం అలాగే ఉంది. ఆ పేస్టు డబ్బా పక్కనే ఉంటే మూత తీసి వాడికి చూపించాను. రంగులో తేడా తెలియలేదు. ఆ కుర్రాడు వేల కిలోమీటర్లు తన ఇంజిన్‌కు తనే గ్రైండింగ్ చేసుకున్నాడన్నమాట. హెడ్ ఎత్తితే పిస్టన్ ఆడే బోరు గోడ మీద నిలువు గీతలు, గోరుకు తగిలేంత లోతుగా. బోరు వేయించాం, పిస్టన్, రింగులు మార్చాం, వాల్వులు కూర్చోబెట్టాం. ఫిల్టర్‌కు 4,500 పెట్టాడట. నా దగ్గర అయిన బిల్లు అంతకు మూడింతలు పైనే.

ఆ ఫిల్టర్ చెడ్డ సరుకని నేను అనడం లేదు. నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టర్ మంచిదే, దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి వాడితే. మన కుర్రాడు ఏం చేశాడంటే పెట్రోలుతో కడిగి, దులిపి, పొడిగానే బిగించేశాడు. దుమ్మును పట్టి ఉంచేది ఆ నూనే అని అతనికి ఎవరూ చెప్పలేదు. అమ్మేటప్పుడు మీరు చెప్పి ఉంటే అతనికి తెలిసేది.

ఒక్కసారి లెక్క చూడండి. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. తూకంలో చెబితే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చే బండి 100 కిలోమీటర్లు తిరిగితే 25 వేల లీటర్లకు పైగా గాలి ఆ నోట్లోంచే పోతుంది. ఇంజిన్ 4 వేల ఆర్పీఎంలో, అంటే నిమిషానికి 4 వేల చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకోసారి చొప్పున సెకనుకు 33 సార్లు ఊపిరి తీస్తుంది. అది ఏ గాలి? మన రోడ్డు గాలి. గెలాక్సీ గ్రానైట్ బ్లాకుల లారీలు టార్పాలిన్ కూడా లేకుండా పోయే రోడ్డు, పాలిషింగ్ యూనిట్ల రాతిపొడి బురద ఎండి పౌడరై లేచే రోడ్డు. సాయంత్రానికి షెడ్డులో నా టూల్ బాక్స్ మూత మీద వేలితో పేరు రాయొచ్చు. నల్ల గ్రానైట్ మెరుపు దేశదేశాల ఇళ్లకు పోతోంది, పొడి మాత్రం మన ఊపిరితిత్తుల్లోకీ మన బళ్లలోకీ వస్తోంది. అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి, వదిలేద్దాం.

మీ దగ్గర ఈ ఫిల్టర్ అమ్మేటప్పుడు చెప్పే మాట ఒకటుంది. "కంపెనీ వాళ్లు గాలికి అడ్డం పెట్టారు తమ్ముడూ, ఇది పెడితే ఇంజిన్ ఫ్రీ అవుతుంది." నేనూ ఒకప్పుడు ఇదే నమ్మినవాణ్ణి, అది తర్వాత చెబుతాను. అసలు గాలికి అడ్డం ఎవరో చూడండి. బండి నడిపేవాడి కుడిచెయ్యే. రోజంతా మనం యాక్సిలరేటర్ పావు వంతో సగమో తిప్పి నడుపుతాం. లోపల గాలికి దారి వదిలే స్లైడో, థ్రాటిల్ రేకో సగం కూడా తెరుచుకోదు. తూము సగం మూసి ఉంచి పైన కాలువ వెడల్పు చేస్తే పొలానికి నీళ్లు ఎక్కువ వస్తాయా? సాగర్ కాలువ కింద వ్యవసాయం చేసిన వాళ్లను అడగండి. ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజిన్‌ను పై ఆర్పీఎందాకా లాగినప్పుడు మాత్రమే డబ్బా కాస్త అడ్డం అనిపిస్తుంది. మన ఊళ్ల రోడ్ల మీద ఆ పని రోజుకు ఎన్ని క్షణాలు చేస్తాం?

ఆ డబ్బాను వాళ్లు ఊరికే పెట్టలేదు. ఇంజిన్ గాలిని గుక్కలు గుక్కలుగా లాగుతుంది. లోపల కాస్త నిశ్చలమైన గాలి నిల్వ ఉంటే ప్రతి గుక్కా ఒకేలా అందుతుంది. డబ్బా సైజు, దాని రబ్బరు గొట్టం పొడవు లెక్క ప్రకారం ఉంటాయి. ఆ లెక్క వల్లే తక్కువ, మధ్య ఆర్పీఎంలలో లాగుడు బాగుంటుంది. గాలి పీల్చే చప్పుడు కూడా అందులోనే చాలామటుకు అణిగిపోతుంది. గొట్టం నోరు సీటు కింద ఎత్తులో పెడతారు, వేడికీ నీళ్లకీ దూరంగా. గరాటు ఫిల్టర్ చాలా బళ్లలో ఇంజిన్ వెనకే వేలాడుతుంది. బయట 40 డిగ్రీల ఎండ, ఇంజిన్ పక్కన 60 ఉందనుకోండి. ఆ ఇరవై డిగ్రీల తేడాకే గాలి దాదాపు 6 శాతం పలచబడుతుంది. ఫ్రీగా పీల్చి సంపాదించింది ఏమైనా ఉంటే అక్కడే పోయింది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రోడ్లు ఎలా ఉన్నాయో గుర్తుందిగా. ఆ వారం నా దగ్గరికి నీళ్లు తాగిన బళ్లు చాలా వచ్చాయి. మామూలు డబ్బా ఉన్న వాటిలో చాలావాటికి ప్లగ్ తుడిచి, ఆయిల్ మార్చి, ఎండబెట్టి పంపేశాను. గరాటు ఫిల్టర్ ఉన్న బండి ఒకటుంది, మోకాలి లోతు నీళ్లలో ఫిల్టర్ మునిగింది, ఇంజిన్ నీళ్లు లాగేసింది. నీళ్లు గాలిలా నలగవు కదా. పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

అయినా కుర్రాళ్లు ఎందుకు కొంటున్నారు? చప్పుడు. ఆ డబ్బా తీసేస్తే యాక్సిలరేటర్ తిప్పగానే సీటు కింద నుంచి గుర్రుమని ఒక శబ్దం వస్తుంది. నిజం చెప్పాలంటే నాకూ ఇష్టమే ఆ శబ్దం. దాన్ని వినగానే బండి ఎగిరినట్టు ఉంటుంది. మా షెడ్డుకు వచ్చే ఒక అబ్బాయి ఎంత చెప్పినా వినకపోతే ఒక ఆదివారం తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరం వెళ్లాం. అదే బండి, ముందు గరాటుతో, తర్వాత డబ్బాతో, మూడో గేర్‌లో 30 నుంచి 70 వరకు. ఫోన్‌లో స్టాప్ వాచ్. మూడేసి సార్లు చేశాం. డబ్బాతోనే కాస్త ముందు వచ్చాడు. నమ్మలేదు. "నువ్వు సరిగ్గా నొక్కలేదు బాబాయ్" అన్నాడు. సరే, చెవుల్లో దూది పెట్టుకుని పైన హెల్మెట్ పెట్టి మళ్లీ నడుపు అన్నాను. నడిపి వచ్చి, హెల్మెట్ తీసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి" అన్నాడు. టిఫిన్ వాడే పెట్టించాడు.

ఇక పెట్రోలు సంగతి. మీరు కౌంటర్ దగ్గర చెప్పనిది ముఖ్యంగా ఇదే. గాలి పెంచితే పెట్రోలు కూడా పెంచాలి. కార్బురేటర్ బండికైతే పెట్రోలు వచ్చే సన్న చిల్లు ముక్క, అంటే మెయిన్ జెట్, పెద్దది వేయాలి, నీడిల్ ఎత్తాలి, ఒక్కోసారి పైలట్ జెట్ కూడా మార్చాలి. స్లైడ్ పైన రబ్బరు డయాఫ్రమ్ ఉండే కార్బురేటర్లైతే ఇంకా చిరాకు. వాటిలో స్లైడ్ ఎత్తేది కేబుల్ కాదు, గాలి ఒత్తిడిలో తేడా. డబ్బా తీసేస్తే ఆ తేడా అస్తవ్యస్తమై స్లైడ్ వణుకుతుంది. మధ్యలో బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి తర్వాత దూకుతుంది. ఆ దూకుడునే పవర్ అనుకుంటున్నారు కుర్రాళ్లు.

జెట్ మార్చకుండా ఫిల్టర్ ఒక్కటే మారిస్తే గాలిలో పెట్రోలు పాలు తగ్గి మిక్చర్ పలచబడుతుంది. పలచటి మిక్చర్ అంటే ఇంజిన్ వేడి. ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటుంది. అది కూడా స్టైలే అనుకుంటారు, ఏం చేస్తాం. ప్లగ్ విప్పి చూస్తే తెలిసిపోతుంది: కాఫీ పొడి రంగు ఉంటే బాగున్నట్టు, మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, సుద్దముక్కలా తెల్లగా ఉంటే ఇంజిన్ ఎండిపోతున్నట్టు. ఇంకా తేలిక పద్ధతి కావాలంటే, పరుగు మీద ఉన్న కార్బురేటర్ బండికి చోక్ సగం లాగండి. బండి ఇంకా బాగా లాగిందంటే దానికి పెట్రోలు చాలడం లేదని అర్థం. మీ షాపులో ఫిల్టర్ బిగించుకున్న బండికి ఈ పరీక్ష చేసి పంపడానికి పది నిమిషాలు పట్టదు.

"అవన్నీ పాత బళ్లు అన్నా, బీఎస్6 బండి తనే సర్దుకుంటుంది" అని మీలో ఒకరు అన్నారు. కొంత నిజం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నిబంధనల కింద వచ్చిన చాలా బళ్లలో సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ తక్కువ చేస్తుంది. కానీ నిదానంగా, ఒకే వేగంతో పోతున్నప్పుడే ఆ సెన్సార్ మాట వింటుంది. ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే దాన్ని పక్కన పెట్టి ముందే రాసి ఉంచిన లెక్క ప్రకారం పెట్రోలు కొడుతుంది. ఆ లెక్క రాసింది డబ్బా ఉన్న ఇంజిన్‌కు. అంటే ఏ పరిస్థితి కోసం కుర్రాడు ఫిల్టర్ కొన్నాడో సరిగ్గా అక్కడే సర్దుబాటు ఉండదు. అందుకే బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల ఫ్యూయెల్‌ఎక్స్ లాంటి పరికరాలు వచ్చాయి, పెట్రోలు పెంచడానికి. అది కూడా కలిపి బిగిస్తే నేను కాదనను. ఖర్చు ఎంతవుతుందో మాత్రం ముందే చెప్పండి. ఫిల్టర్ అమ్మి, నెల తర్వాత "దానికి ఇది కూడా కావాలి తమ్ముడూ" అంటే ఏం బాగుంటుంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. 1990ల చివర్లో నేను ఇంకొకరి షెడ్డులో హెల్పర్‌ని. ఒక ఆర్ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, టూ స్ట్రోక్, ఆ బండి అంటే అప్పుడు మాకు దేవుడు. 1996లో తయారీ ఆగిపోయాక ఇంకా ముద్దొచ్చింది. యజమాని ఊళ్లో లేడు, మేస్త్రి భోజనానికి వెళ్లాడు. నేను సోల్డరింగ్ గన్ కాల్చి ఫిల్టర్ డబ్బాకు పన్నెండు చిల్లులు పెట్టాను. పువ్వు ఆకారంలో, మధ్యలో ఒకటి చుట్టూ పదకొండు. ఆ కాలిన ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ గుర్తుంది. చప్పుడు అద్భుతంగా వచ్చింది. జెట్ మార్చాలని నాకు తెలియదు. రోజుల్లోనే బండి టంగుటూరు దాటాక పిస్టన్ జామ్ అయింది. మిక్చర్ పలచబడితే పిస్టన్ బాగా వేడెక్కి, ఉబ్బి, బోరులో పట్టేస్తుంది. వెనక చక్రం పట్టేసి ఆయన పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే, దేవుడి దయ. మేస్త్రి డబ్బా తీసి ఆ పువ్వును చూసి నన్ను ఏమీ అనలేదు. రెండు నెలలు జీతంలో కోసుకున్నాడు. అందుకే డ్రిల్లు పట్టుకున్న మీ షాపు కుర్రాళ్లను చూస్తే నాకు కోపం రాదు, టెన్షన్ వస్తుంది.

మా మెకానిక్‌లూ తక్కువేం తినలేదు. ఇప్పటి చాలా బళ్లలో వచ్చేది నూనెలాంటి ద్రవం పట్టించిన పేపర్ ఫిల్టర్. దాన్ని శుభ్రం చేయకూడదు, కిలోమీటర్లు నిండాక మార్చాలి, అంతే. మేం ప్రతి సర్వీసుకీ కంప్రెసర్ గాలి కొట్టి, దుమ్ము లేపి, కస్టమర్‌కు చూపించి "క్లీన్ చేశాం" అని బిగిస్తాం. దాంతో దుమ్ము ఇంకా లోతుకు పోతుంది, కాగితం చిరుగుతుంది. నేనూ ఏళ్ల తరబడి చేశాను, మానేశాను. కొన్ని వందలకు వచ్చే కొత్త ఫిల్టర్ వేస్తేనే సగం మంది "పికప్ పెరిగింది బాబాయ్" అంటారు. నిజానికి వాళ్లు పోగొట్టుకున్నదే తిరిగి వచ్చింది.

చట్టం గురించి రెండు ముక్కలు. బండిలో అనుమతి లేని మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. 2019 సవరణలో వచ్చింది ఇది. పోలీసులు సైలెన్సర్లనే పట్టుకుంటున్నారు, ఎందుకంటే అది దూరం నుంచే వినపడుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష కూడా బండి ఐడిల్‌లో ఉన్నప్పుడే చేస్తారు కాబట్టి ఫిల్టర్ మార్పు అందులో పెద్దగా బయటపడదు. అందుకని మీకు ఏ ఇబ్బందీ రాలేదు. అయితే వారంటీలో ఉన్న బండికి డబ్బా కోసి పంపినప్పుడు, రేపు ఇంజిన్ పోతే షోరూం వాడు ఆ డబ్బానే చూపిస్తాడు. ఆ కుర్రాడు అప్పుడు మీ షాపుకి రాడు, సిగ్గుపడి నా దగ్గరికి వస్తాడు.

మార్పు అసలే వద్దని నేను అనను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరుగెత్తే బళ్లకు డబ్బా ఉంచమని ఎవరూ చెప్పరు. అక్కడ ఇంజిన్ ఎప్పుడూ పై ఆర్పీఎంలోనే ఉంటుంది, సైలెన్సర్, వాల్వులు తెరిచే క్యామ్, పెట్రోలు అన్నీ కలిపి లెక్క వేసి మారుస్తారు, తరచూ ఇంజిన్ విప్పి చూసుకుంటారు. ఊళ్లో ఎవరికైనా అంత సరదా, అంత ఓపిక, అంత డబ్బు ఉంటే నేనే దగ్గరుండి చేసి పెడతాను. మధ్యే మార్గం కావాలంటే డబ్బా అలాగే ఉంచి లోపల ఫిల్టర్ ఒక్కటే కడిగి వాడేది వేయొచ్చు, అదే సైజులో దొరుకుతాయి. పవర్ పెరుగుతుందని చెప్పి మాత్రం అమ్మకండి. మళ్లీ మళ్లీ కొనక్కర్లేదని చెప్పండి, అది నిజం.

మిమ్మల్ని అడిగేది ఇంతే. ఫిల్టర్ కోసం వచ్చిన కుర్రాణ్ణి "రోజూ ఎటు తిరుగుతావ్?" అని ఒక్క ప్రశ్న అడగండి. క్వారీ వైపు అంటే అమ్మకండి. అమ్మితే జెట్ గురించి, నూనె గురించి చెప్పి, ఆ చిన్న నూనె సీసా కూడా చేతిలో పెట్టండి. డబ్బాకు చిల్లులు పెట్టే పని పూర్తిగా ఆపేయండి, దాని మీద మీకు వచ్చేది రెండు వందలు. ఇంకోటి, విప్పిన డబ్బాను, రబ్బరు గొట్టాన్ని, క్లిప్పులతో సహా కవర్లో కట్టి కస్టమర్‌కే ఇచ్చేయండి. మీ షాపుల వెనక అవి గుట్టగా పడి ఉండి తర్వాత పాత సామాన్ల బండికి కేజీల లెక్కన వెళ్లిపోతున్నాయి. మళ్లీ పెట్టుకోవాలని ఎవరికైనా బుద్ధి పుట్టినా పెట్టుకోవడానికి ఉండట్లేదు.

మీ దగ్గర డబ్బా తీయించుకున్న బళ్లు ఎవరివైనా సరే, డబ్బా తెచ్చుకుంటే తిరిగి బిగించడానికి నేను కూలి తీసుకోను. ప్రస్తుతం నా షెడ్డులో రెండు బళ్లు ఆగిపోయి ఉన్నాయి. ఒకటి పాత 150 సీసీ యూనికార్న్, దానికి డబ్బా మొత్తం కావాలి. రెండోది ఆ పాలిషింగ్ యూనిట్ అబ్బాయి 350. దానికి డబ్బా దొరికింది కానీ కార్బురేటర్‌కూ దానికీ మధ్య ఉండే రబ్బరు బెల్లో దొరకలేదు. మీలో ఎవరి షాపు వెనకాలైనా ఉంటే పక్కన పెట్టి ఉంచండి. సాయంత్రం ఆరు దాటాక వచ్చి డబ్బులిచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
చీమకుర్తి రోడ్డు మెకానిక్